అమ్మకు అర్థమయ్యే జెండా పండగ

ఆగస్టు నెల వచ్చిందంటే నా కుట్టుమిషను పక్కన తెల్లగుడ్డ పేరుకుంటుంది. బడిపిల్లల తెల్ల చొక్కాలు, పోయినేడు సరిపోయి ఈ ఏడు పొట్టివైపోయిన ప్యాంట్లు, డాన్సు వేసే ఆడపిల్లలకు కాషాయం రంగువీ ఆకుపచ్చవీ పైటలు. కన్నడ రాష్ట్రంలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న బాగేపల్లి తాలూకాలో, మిట్టేమరి దారిలో ఉండే మా ఊళ్ళో బట్టలు కుట్టేది నేనొక్కదాన్నే. వరమహాలక్ష్మి పండగ కూడా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి ఒకపక్క జాకెట్లు, ఒకపక్క జెండా పండగ బట్టలు. లక్ష్మీదేవికీ భారతమాతకూ ఒకే సూదితో కుడతాండావని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

ఆ పండగంటే నాకు ఇష్టమే. తాడు లాగగానే జెండా విచ్చుకుని చామంతి రేకులు రాలుతుంటే ప్రతిసారీ మెడ నొప్పెట్టేదాకా పైకే చూస్తాను. అయితే కాసేపటికి, మైకులో పెద్దవాళ్ళ భాషణలు మొదలయ్యాక, ఆ ఇష్టంలోకి ఒక బెరుకు వచ్చి కూర్చుంటుంది. పక్కింటివాళ్ళ పెళ్ళికి వెళ్ళినట్టుంటుంది. వాళ్ళు రమ్మంటారు, కుర్చీ వేస్తారు, తాంబూలం ఇస్తారు. ఫోటోకు పిలిచినప్పుడు మాత్రం మనమే పక్కకు జరుగుతాం. ఎవరూ జరగమనరు.

దీనికి కారణం మా మాట. ఇంట్లో, చేలో, పోట్లాటలో మాకు తెలుగే. బడి, పంచాయితీ, బ్యాంకు మాత్రం కన్నడం. ఈ రెంటి మధ్యా తిరగడం మాకు కష్టమేమీ కాదు, ఒకే వాక్యంలో రెండుసార్లు గడప దాటగలం. కానీ మా ఆయన తరఫు పెళ్ళికి కదిరికి వెళితే, "మీరు కన్నడమోళ్ళు కదా, తెలుగు బాగానే మాట్లాడతారే" అని మెచ్చుకుంటారు. బెంగళూరులో బట్టల అంగడివాడు నేను నోరు విప్పగానే, "ఆంధ్రా నుంచి వచ్చారా?" అంటాడు. నా ఊరు ఎక్కడికీ కదల్లేదు, నేనూ కదల్లేదు. అయినా ఎక్కడికి వెళ్ళినా నేను ఇంకెక్కడి నుంచో వచ్చినదాన్నే.

కన్నడం మీద నాకు కోపం లేదు. అది నాకు చదువు పెట్టిన భాష. ఏడో తరగతితో బడి మాన్పించాక నన్ను మళ్ళీ పట్టుకున్నవి కన్నడ పుస్తకాలే. పెళ్ళయ్యాక దారం, లైనింగు గుడ్డ కొనడానికి బాగేపల్లికి వెళ్ళేదాన్ని. తిరుగు బస్సుకు చాలాసేపు ఆగాలి. అక్కడి గ్రంథాలయంలో ఫ్యాను ఉండేది, ఆడవాళ్ళకని గోడవారగా ఒక బెంచీ ఉండేది. మొదట గాలి కోసమే కూర్చున్నాను. తరువాత బస్సులు వెళ్ళిపోవడం మొదలైంది, నేను చూసుకునేదాన్ని కాదు.

తెలుగు అక్షరాలు నేర్చుకున్నదీ ఆ బెంచీ మీదే. ఒకరోజు బల్ల మీద కన్నడ పేపరూ, అనంతపురం నుంచి వచ్చిన తెలుగు పేపరూ పక్కపక్కన పడి ఉన్నాయి. రెండింటిలో మొదటి పేజీలో ఒకే బొమ్మ. అంటే వార్త కూడా ఒకటే అయి ఉండాలి. కన్నడం చదివి, తెలుగులో అదే మాట ఎక్కడుందో వెతికాను. అక్షరాలు అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి, జడ వేసుకున్న తీరులోనే తేడా. కొన్ని నెలలపాటు అట్లా బొమ్మను పట్టుకుని అక్షరాల్లోకి దిగాను. నేను పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషను మొదటిసారి చదివిన రోజు, బస్సులో పక్కనున్న ఆవిడకు ఆ విషయం చెప్పాను. ఆమె నాకు పిచ్చేమోనని చూసింది. ఈ సంగతి చెప్పుకోవడంలో కొంచెం గర్వం ఉంది. ఉండనివ్వండి.

మా పంచాయితీలో కూడా ఇప్పుడు చిన్న గ్రంథాలయం ఉంది. అక్కడి పుస్తకాలు దాదాపు అన్నీ చదివింది నేనేనని ఎవరో బడిలో చెప్పినట్టున్నారు. పోయినేడు పండగకు ముందు బడి హెడ్ మిస్సు మా ఇంటికి వచ్చింది. ఆమెది శివమొగ్గ వైపు. ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయినా తెలుగు అర్థం చేసుకుంటుందే తప్ప మాట్లాడదు, సిగ్గు. ఈసారి ఆగస్టు పదిహేనుకు మీరే భాషణ చేయాలని కన్నడంలో అడిగింది. ఎప్పుడూ మగవాళ్ళే మాట్లాడతారు, చదువుకునే ఆడపిల్లలకు మిమ్మల్ని చూపించాలి అంది. సరేనన్నాను.

వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్న మా అమ్మ ఇదంతా చూస్తూ ఉంది. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. చింతామణిలో టమేటా మండీలో పనిచేసే తమ్ముడి ఇల్లు మేడమీద, ఆ మెట్లు ఎక్కడం అమ్మ వల్ల కాదు. అమ్మకు సంతలో బేరమాడేంత కన్నడం వచ్చు, బస్సులో చోటు కోసం తిట్టేంత వచ్చు. భాషణల కన్నడం మాత్రం రాదు.

మిస్సు వెళ్ళగానే అడిగింది. "ఏమంట అమ్మణ్ణీ ఆయమ్మ?"

"జెండా పండగకు నన్ను మాట్లాడమంటాంది మా."

అమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. "మైకులోనా?"

"మైకులోనే."

"అయితే ఈసారైనా నాకు అర్థమయ్యేట్ల చెప్తావా, లేకుంటే అప్పటి మాదిరేనా?"

అప్పటి మాదిరి అంటే నా మూడో తరగతి సంగతి. మా పుట్టింటి ఊళ్ళో బడికి ఒక మేష్ట్రు ఉండేవాడు. ఆయన ఒక కాగితం మీద కన్నడంలో భాషణ రాసిచ్చి బట్టీ పట్టమన్నాడు. పట్టాను. పండగరోజు గడగడా చెప్పేశాను. అమ్మ కలుపు తీసి వస్తూ, గడ్డిమోపు గోడవారగా దించి, నడుముకు కొడవలి దోపుకునే నిలబడి విన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం పొయ్యి దగ్గర, "ఏం చెప్తివి మే అంతసేపు?" అని అడిగింది. నాకు తెల్దు అన్నాను. నిజంగానే తెలియదు. ఆ వయసులో బడిలో చెప్పే మాటలకు అర్థం ఉంటుందనే నేను అనుకోలేదు. అమ్మ పడీపడీ నవ్వింది. "తెలీకుండానే అంతసేపు చెప్తివా! గట్టిదానివే."

ఆ నవ్వే గుర్తుంది నాకు. ఇన్నేళ్ళలో అమ్మ ఆ రోజు గురించి ఇంకేమైనా అనుకుంటూ ఉండిందని అప్పుడే తెలిసింది.

"నాకు ఒక్కసారి వినల్లని ఉండాది," అంది కాయలు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "నలుగురిలో నువ్వేం చెప్తావో. అంతే."

మరునాడు బడికి వెళ్ళి మిస్సును అడిగాను, తెలుగులో మాట్లాడనా అని. "ఊరంతా తెలుగే అని నాకు తెలీదా అమ్మా," అంది ఆమె కన్నడంలోనే. "కానీ ఇది సర్కారు బడి, సర్కారు పండగ. తాలూకా ఆఫీసు నుంచి ఎవరైనా రావచ్చు. ఎవరో ఒకరు ఫోన్‌లో పట్టి గ్రూపుల్లో వేస్తారు. ఎక్కడో కూర్చున్నవాళ్ళు, కన్నడ బడిలో ఇదేమిటి అంటారు. సమాధానం చెప్పాల్సింది నేను." ఆమె గొంతులో అధికారం లేదు, భయం ఉంది. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. నేను కన్నడంలోనే మాట్లాడతానని మాటిచ్చి వచ్చాను.

అమ్మకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ముందే ఒక ఉపాయం ఆలోచించుకున్నాను. "మా, నేను రాసుకున్నదంతా నీకు ఇంట్లో తెలుగులో చదివి వినిపిస్తా. ముందు నువ్వే వింటావు. ఊరోళ్ళ కంటే ముందు."

అమ్మ తల ఊపలేదు. "ఇంట్లో చెప్పేది ఇంటి మాట అమ్మణ్ణీ. రోజూ చెప్తానే ఉండావు. ఉప్పు తక్కువ, మాత్ర వేసుకో, నీళ్ళు కాగినాయి అని. ఆడ చెప్పేదే కదా నలుగురి మాట."

"మిస్సుకు మాటిచ్చినా మా."

"ఇస్తే ఇచ్చినావులే. నేను మాత్రం రాను. ఇంట్లోనే టీవీలో ఢిల్లీ జెండా చూస్తా. అదీ అర్థం కాదు. అయినా కూసోని చూడొచ్చు, కాళ్ళు నొయ్యవు."

నవ్వుతూనే అంది. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఆ రాత్రి మిషను మీద పిల్లల ప్యాంట్లకు అంచులు మడుస్తూ నాలో నేనే వాదించుకున్నాను. దేశం గురించి మాట్లాడటానికి మా అమ్మకు రాని భాషే కావాల్సి వస్తే, ఆ దేశంలో అమ్మ ఎక్కడ నిలబడాలి? మళ్ళీ అంతలోనే, ఆ భాష లేకపోతే ఈ ప్రశ్న అడగడం నాకు ఎట్లా తెలిసేది? రెండూ నిజమే. ఒకదాన్ని పట్టుకుంటే ఇంకొకటి జారిపోతోంది.

పండగ పొద్దున అందరికంటే ముందు తయారైంది అమ్మే. తలంటుకుని, నా పెళ్ళికి తాను కట్టుకున్న పట్టుచీర పెట్టెలోంచి తీయించి కట్టుకుంది. "రానంటివే?" అన్నాను. "నీ కోసం కాదులే. జెండాకు మొక్కాల. అది నాతో కన్నడం మాట్లాడదు కదా," అంది.

మా ఊళ్ళో జెండా కర్రను పండగకు ముందురోజే కడుగుతారు. పొద్దున్నే ఆడవాళ్ళు దాని మొదట్లో పసుపు పూసి కుంకుమ పెడతారు. ముగ్గు వేసి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగిస్తారు. దిమ్మె ఎక్కేవాళ్ళెవరైనా చెప్పులు విడవాల్సిందే, తాలూకా నుంచి వచ్చినవాళ్ళయినా సరే. పుస్తకాల్లో ఇవేవీ లేవు. జెండా దేవుడు కాదని నేను చదివాను. అయినా పసుపు చేతులతో లేచి నిలబడే మా అమ్మను చూస్తే, ఆ పుస్తకం రాసినవాళ్ళు ఈమెను చూసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

జెండా ఎగిరింది. జాతీయ గీతం పాడారు. తాలూకా ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. పంచాయితీ అధ్యక్షుడు కన్నడంలో భాషణ అందుకుని, త్యాగం, బలిదానం అంటూ వెళుతూ వెళుతూ, మైకు నోటిదగ్గరే పెట్టుకుని, "రేయ్, ఆ బండి యాడ పెట్టినావురా, పిల్లోళ్ళు నిలబడల్లా లేదా!" అని అరిచి, మళ్ళీ కన్నడంలో త్యాగం దగ్గరికి వచ్చాడు. అందరూ నవ్వారు. ఆయన భాషణలో మా అమ్మకు అర్థమైన ముక్క అదొక్కటే. ఆ ముక్కకు మాత్రం గట్టిగా చప్పట్లు కొట్టింది.

తరువాత నన్ను పిలిచారు.

అమ్మను ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. బాగా వినిపించే కుడిచెవి నావైపు తిప్పుకుని కూర్చుంది. నేను కన్నడంలో మొదలుపెట్టాను. గ్రంథాలయంలో చదివినవాటి నుంచి, ఊరూపేరూ తెలియని ఆడవాళ్ళ గురించి రాసుకున్నాను. రాట్నం వడికి, జైలుకు వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళ గురించి. బాగానే సాగుతోంది. మిస్సు ముఖంలో సంతోషం కనిపిస్తోంది. అప్పుడు అమ్మ వైపు చూశాను.

ఆ ముఖం నాకు తెలుసు. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో డాక్టరు ముందు కూర్చున్నప్పటి ముఖం అది. డాక్టరు కన్నడంలో మాట్లాడుతుంటే అమ్మ ఆయనను చూడదు, నన్ను చూస్తుంది. ఆయన ఆపగానే నేను చెప్తానని నమ్మకంగా, ఓపికగా ఎదురుచూస్తుంది. బ్యాంకులోనూ అంతే, కరెంటు ఆఫీసులోనూ అంతే. ఎన్నో ఏళ్ళుగా ఆ చూపు తగిలిన వెంటనే నా నోరు తెలుగులోకి తిరుగుతుంది. నేను తిప్పను, అదే తిరుగుతుంది.

ఆ రోజు కూడా తిరిగింది.

"ఏమంటే మా," అన్నాను మైకులో, "స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయిన ఆడోళ్ళు శానామంది ఉండారు. వాళ్ళ పేర్లు యాడా రాయలేదు. నేను అంతా వెతికినా."

బడి ముందు గుసగుసలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వెనకాల బీడీ తాగుతున్నవాళ్ళు కూడా ముందుకు జరిగారు. మిస్సు తల దించుకుంది. ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. కన్నడంలో ఒక మాట, తెలుగులో ఒక మాట, ఆసుపత్రిలో చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాను. కాగితంలో లేనిది కూడా ఒకటి నోటికొచ్చింది. ఇప్పుడు మనం నిలబడి పాడిన జాతీయ గీతం కన్నడం కాదు అన్నాను.

ఇది మా ఊళ్ళో చిన్న విషయం కాదు. అది కన్నడమని పెద్దలందరి నమ్మకం. బడిలో వినబడేది, తెలుగు కానిది, అర్థం కానిది ఏదైనా మాకు కన్నడమే. నేనూ చాలా ఏళ్ళు అట్లాగే అనుకున్నాను, గ్రంథాలయంలో చదివేదాకా. అది బెంగాలీ భాష నుంచి వచ్చిందని రెండు భాషల్లోనూ చెప్పాను.

"యామంటివి?" అంది అమ్మ. కుర్చీలోంచే, మైకు అక్కరలేనంత గట్టిగా. "కన్నడం కాదా?"

"కాదు మా."

"అయితే ఆ మిస్సమ్మకూ అర్థం కాదా?"

జనం గొల్లుమన్నారు. మిస్సు తలెత్తింది. ఆమె ఏమంటుందోనని అధ్యక్షుడు కూడా చూస్తున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక, మేము ఎన్నడూ వినని ఆమె తెలుగులో, "లేదమ్మా. నాకూ పూర్తి అర్థం కాదు," అంది.

"మరి అంత గట్టిగా పాడతావే!"

"అర్థం కాకున్నా మీరు నిలబడతారు కదమ్మా. అట్లానే నేనూ."

అమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. పక్కనున్న ఆవిడ మోకాలి మీద చేత్తో తట్టి, "చూస్తివా" అంది. ఏం చూడమందో పక్కావిడకు తెలిసినట్టు లేదు. నాకు మాత్రం మిగిలిన భాషణ చెప్పడం సులువైపోయింది.

అంతా అయ్యాక, బూందీ పంచుతున్నప్పుడు మిస్సు నన్ను పక్కకు పిలిచింది. మళ్ళీ కన్నడంలోకి వచ్చేసింది. "బాగా చెప్పారు. కానీ నాకు మాటిచ్చారు," అంది. "ముందే చెప్పి ఉంటే నేను భయపడటానికైనా సిద్ధంగా ఉండేదాన్ని." నేను క్షమించమన్నాను. ఆమె నా చేతిలో బూందీ పొట్లం పెట్టి వెళ్ళిపోయింది. ఆమె భయపడినట్టే ఎవరో వీడియో గ్రూపులో వేశారు. కన్నడ బడిలో తెలుగెందుకు అని ఒకరు రాశారు. ఆ అవ్వ ఎవరు, భలే అడిగింది అని ఇంకొకరు రాశారు. దాని కింద అందరూ అవ్వ గురించే మాట్లాడుకుని, మొదటి మాట మరిచిపోయారు. మిస్సుకు ఎవరి నుంచీ ఫోను రాలేదని తెలిసేవరకు నాకు అన్నం సరిగా దిగలేదు. ఇప్పుడు కూడా ఆ రోజు తలుచుకుంటే సంతోషం ఒక్కటే రాదు, ఆమె తల దించుకోవడం కూడా వెంట వస్తుంది.

బడి నుంచి ఇంటికి వస్తూ అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నడిచింది. బాగుందా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. బాగాలేదంటే తట్టుకోలేనని కాదు. బాగుందని నా కోసం అంటుందేమోనని.

ఇంటికొచ్చి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఎదురింటి కోడలు వచ్చింది. వాళ్ళ ఆవు ఈనడంతో ఆ పిల్ల పండగకు రాలేకపోయింది. వసారాలో అమ్మ దగ్గర కూర్చుంది.

"ఏం చెప్పిండాదంట పెద్దమ్మా, అక్క? అందరూ అదే చెప్పుకుంటాండారు."

"అబ్బో, శానా చెప్పింది," అంది అమ్మ. గొంతు సవరించుకుంది. "ముందు కాలంలో ఆడోళ్ళు జైలుకు పోయినారంట. రాట్నం వడికేది, జైలుకు పోయేది. వచ్చి మళ్ళా సంగటి గెలికేది. పోలీసోళ్ళనే తిట్టినారంట మొహం మీదనే."

పోలీసులను తిట్టిన మాట నేను చెప్పలేదు.

"మళ్ళ ఆ పాట ఉండాది చూడు, అందరూ నిలబడేది. అది కన్నడం కాదంట. శానా దూరం నుంచి వచ్చిందంట. ఈడ ఎవరికీ దాని అర్థం తెల్దు. మిస్సమ్మకే తెల్దు, ఒప్పుకున్న్యాది. మా అమ్మణ్ణికి ఒక్కదానికే తెలుసు. పుస్తకాల్లో చూసింది."

"అవునా! అర్థమేమంట పెద్దమ్మా?"

నా చేతిలో కత్తి ఆగింది. దాని అర్థం నేను ఇంట్లో చెప్పలేదు, బడిలోనూ చెప్పలేదు. అమ్మ మళ్ళీ గొంతు సవరించుకుంది.

"వానలు పడల్ల. పంట పండల్ల. యా ఊరోళ్ళైనా, యా మాట మాట్లాడేవాళ్ళైనా సల్లగా ఉండల్ల. అంతే. పెద్ద కష్టమేం కాదు. చెప్పేవాళ్ళు ఉండల్ల గానీ."

"అక్క మైకులో చెప్పిందా ఇదంతా?"

"మైకులోనే. నలుగురిలో."

బయటికి వెళ్ళి, అట్లా కాదు మా అని దిద్దడానికి కాలు కదిలింది. నేను చదివిన పుస్తకాలన్నీ దిద్దమనే చెప్తున్నాయి. నేను మళ్ళీ ఉల్లిపాయ పట్టుకున్నాను. ఇంతలో ఆ కోడలి అత్త కూడా వచ్చి, నాకూ చెప్పు వదినా అంటూ గడప మీద కూర్చున్నట్టుంది. అమ్మ గొంతు ఇంకొంచెం పెంచి, ఆడవాళ్ళు జైలుకు పోయిన దగ్గరి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.